వెనక్కి తిరిగే చోటు ముందే రాసుకోండి

ఫ్రెషర్ల రెజ్యూమెలు ఓ పది తిరగేయండి. హాబీల దగ్గర ‘ట్రావెలింగ్, బైక్ రైడింగ్’ అని రాసినవి తప్పకుండా దొరుకుతాయి. అదే చేత్తో ఫోన్ తీస్తే రీల్స్. ఉద్యోగానికి రాజీనామా చేసి బండెక్కిన జంట, ముందు మంచు కొండ, వెనక ఓ పాట. కింద కామెంట్లు: ‘గట్స్ ఉండాలి బ్రో!’

నాకు ఆ కామెంట్‌తోనే పేచీ. మనుషుల్లేని చోటుకి బండి మీద వెళ్లి క్షేమంగా తిరిగొచ్చేవాళ్లకు గట్స్ కన్నా ముందు లెక్క వచ్చుండాలి. ఆ లెక్కలో ముఖ్యమైన అంకెలు రెండే. చేతిలో మిగులు ఎంత? ఎక్కడి నుంచి వెనక్కి తిరగాలి? ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు కూడా ధైర్యం చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు. ఈ రెండు అంకెలు అడిగేవాళ్లే తక్కువ. అందుకే ఈ వ్యాసం.

నేనూ, నా భార్యా కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. గత వేసవిలో రెండు బైకులు, ఒక టెంటుతో ఆ దేశం ఉత్తర కొసన ఉన్న డెంప్‌స్టర్ హైవేకి వెళ్లొచ్చాం. రాజీనామాలేం లేవు. రెండేళ్లు దాచిన డబ్బు, కూడబెట్టిన మూడు వారాల సెలవు. అక్కడ పనికొచ్చిన పద్ధతులు ఉద్యోగాల వేటకు కూడా అతికినట్టు సరిపోతాయని నా నమ్మకం.

కంకర దుప్పటి మీద రోడ్డు

డెంప్‌స్టర్ హైవే యూకాన్ ప్రాంతంలోని డాసన్ సిటీకి 40 కి.మీ. దూరంలో మొదలవుతుంది. 1896లో బంగారం బయటపడ్డాక జనం ఎగబడిన ఊరు అది. అక్కడి నుంచి ఉత్తరంగా ఇనువిక్ దాకా దాదాపు 740 కి.మీ. 2017 నవంబరులో ఇంకో 140 కి.మీ. దాకా కలిపారు. దాంతో ఆర్కిటిక్ సముద్రం ఒడ్డున ఉన్న టక్టొయాక్టుక్ అనే ఊరి వరకూ బండి మీద వెళ్లొచ్చు. వెళ్లిన దారినే తిరిగి రావాలి. ఇంకో రోడ్డు లేదు.

ఈ రోడ్డులో చాలా భాగానికి తారు ఉండదు. సివిల్ విద్యార్థులకు ఇది ఆసక్తిగా ఉంటుంది. అక్కడి నేల లోపల ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. దాన్నే పెర్మాఫ్రాస్ట్ అంటారు. పైనున్న నాచు పొరను తవ్వేసి రోడ్డు వేస్తే, ఎండ వేడికి లోపలి మంచు కరిగి రోడ్డు కుంగిపోతుంది. అందుకే ఇంజినీర్లు నేలను తవ్వకుండా, దాని మీదే మీటరుకు పైగా మందాన కంకర పరిచారు. వేడి కిందికి దిగకుండా ఆ కంకర దుప్పటిలా కాపాడుతుంది. దుమ్ము లేవకుండా కాల్షియం క్లోరైడ్ చల్లుతారు. ఎండలో రోడ్డు గట్టిగా, బాగా ఉంటుంది. వాన పడిందంటే సబ్బు రాసినట్టు జారుతుంది. పైగా పదునైన రాళ్లు. పంచర్ కిట్ లేకుండా అక్కడికెళ్లడం హాల్ టికెట్ లేకుండా పరీక్షకెళ్లడమే.

దారిలో పీల్, మెకంజీ అని రెండు నదులు అడ్డొస్తాయి. వాటి మీద వంతెనలు లేవు. వేసవిలో, మన గోదావరి మీద వాహనాలను దాటించే పంటు లాంటిది ఉంటుంది. చలికాలంలో గడ్డకట్టిన నది మీదే బళ్లు వెళతాయి. నీళ్లు గడ్డకట్టేటప్పుడూ, కరిగేటప్పుడూ కొన్ని వారాల పాటు ఈ రెండూ ఉండవు.

237వ కిలోమీటరు

డెంప్‌స్టర్ మొదలైన చోటు నుంచి తర్వాతి పెట్రోల్ బంకు ఈగిల్ ప్లెయిన్స్‌లో ఉంటుంది. దూరం 369 కి.మీ. మధ్యలో ఊరు లేదు. చాలా మేర ఫోన్ సిగ్నల్ కూడా లేదు.

మా బళ్ల ట్యాంకు 15 లీటర్లు. సామానుతో, కంకర మీద లీటరుకు 25 కి.మీ. వస్తుందని మా ఊరి దగ్గరి కంకర రోడ్ల మీద నడిపి ముందే చూసుకున్నాం. అంటే 375 కి.మీ. కావాల్సింది 369. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. ఎదురుగాలి కొడితే, బురదలో చిన్న గేర్లలో లాగాల్సి వస్తే ఆ ఆరు కిలోమీటర్లు ఎటుపోతాయో తెలీదు. అందుకే ఒక్కో బండికి నాలుగు లీటర్ల క్యాను కట్టాం. 19 లీటర్లు, 475 కి.మీ.

ఇక్కడితో లెక్క అయిపోలేదు. మధ్యలో ఏదైనా తేడా వచ్చి వెనక్కి రావాలంటే? 475లో సగం 237. అంటే 237వ కిలోమీటరు లోపు ఎక్కడైనా వెనక్కి తిరిగి, బయల్దేరిన చోటుకి చేరొచ్చు. అది దాటితే ముందున్న బంకే గతి. ఆ అంకెను మా ఆవిడ టేపు మీద రాసి రెండు ట్యాంకుల మీదా అంటించింది. 230 దగ్గర బళ్లు ఆపాం. ఆకాశం, టైర్లు, చైన్లు చూసుకున్నాం. తర్వాతే ముందుకెళ్లాం. ఇందులో సాహసం ఎక్కడుంది చెప్పండి? ఎనిమిదో తరగతి గణితం.

ఆ రోడ్డు పేరు వెనక కథ

డెంప్‌స్టర్ ఓ పోలీసు పేరు. ఆయన్ని గుర్తుచేసుకోవాలంటే ముందు ఫ్రాన్సిస్ ఫిట్జెరాల్డ్ గురించి చెప్పాలి. ఈయన రాయల్ నార్త్‌వెస్ట్ మౌంటెడ్ పోలీస్‌లో ఇన్‌స్పెక్టర్. 1910 డిసెంబరు 21న ముగ్గురు మనుషులు, కుక్కల బళ్లతో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కు బయల్దేరాడు. ఏటా జరిగే గస్తీయే. కానీ ఈసారి రికార్డు వేగంతో చేరాలనుకున్నాడు. బరువు తగ్గించడానికి తిండి తగ్గించాడు. దారిలో స్థానిక గ్విచిన్ తెగ మనిషి ఒకడు కొన్నాళ్లు దారి చూపిస్తే, అతన్ని మధ్యలోనే పంపించేశాడు. జట్టులో దారి తెలుసన్న మనిషి ఆ మార్గంలో వెళ్లింది ఒక్కసారే, అదీ ఎదురు దిశలో.

వాళ్లు తిరగాల్సిన వాగు కనిపించలేదు. ఆ వాగు కోసం సుమారు వారం రోజులు వెతికారు. ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుందన్న ఆశ. జనవరి 18న వెనక్కి మళ్లేసరికి తిండి దాదాపు అయిపోయింది. చివరికి కుక్కల్నే తింటూ నడిచారు. నలుగురూ చనిపోయారు. ఫిట్జెరాల్డ్ శవం ఫోర్ట్ మెక్‌ఫర్సన్‌కు 40 కి.మీ. దూరంలో దొరికింది. అంటే చివరి ఆశకు పోయిన ఆ వారంలో ఒకట్రెండు రోజులు మిగిలి ఉన్నా ఇంటికి చేరేవాళ్లేమో.

వాళ్లని వెతకడానికి 1911 ఫిబ్రవరి 28న డాసన్ నుంచి బయల్దేరినవాడే విలియం డెంప్‌స్టర్. తనతో చార్లీ స్టీవర్ట్ అనే గ్విచిన్ గైడ్‌ని తీసుకెళ్లాడు. మార్చిలో శవాలు దొరికాయి. ఆ తర్వాత ఆ దారి పొడవునా తిండి నిల్వలు, గుడిసెలు, దారి గుర్తులు పెట్టించారు. 1979లో రోడ్డు తెరిచినప్పుడు అది డెంప్‌స్టర్ పేరుతోనే ఉంది.

ఫిట్జెరాల్డ్‌కు పట్టుదల తక్కువా? అస్సలు కాదు. అనుభవం లేదా? ఉత్తరాదిలో ఏళ్ల తరబడి పనిచేసినవాడే. లేనివి మూడు: మిగులు, దారి తెలిసిన మనిషి, వెనక్కి తిరిగే తేదీ. ఈ మూడూ లేకపోతే పట్టుదల మనిషిని ఇంకా లోపలికి తీసుకెళ్తుంది, అంతే.

రాత్రి లేని చోట ఆగడం

అక్కడ జూన్ చివర్లో చీకటి పడదు. ఇనువిక్‌లోనైతే మే చివరి నుంచి 50 రోజులకు పైగా సూర్యుడు అస్తమించడు. వినడానికి బాగుంటుంది కదా? నడిపేవాడికి ఇదే పెద్ద ప్రమాదం. రాత్రి పదకొండైనా వెలుతురుంటుంది. ఇంకో యాభై కిలోమీటర్లు లాగేద్దాం అనిపిస్తుంది. అలసిన చేతులు, జారే కంకర. అందుకే మేం ఆకాశాన్ని నమ్మలేదు, గడియారాన్నే నమ్మాం. సాయంత్రం ఆరైతే బళ్లు ఆగాల్సిందే. ఏడింటికి టెంటు, ఎనిమిదింటికి తిండి, పదికి కళ్లకు గుడ్డ కట్టుకుని నిద్ర.

తిండికీ నిబంధనలున్నాయి. అది ఎలుగుబంట్ల ఇలాకా. వండటం, తినడం టెంటుకు వంద మీటర్ల దూరంలో. తిండే కాదు, సబ్బు, టూత్‌పేస్టు కూడా వాసన రాని గట్టి డబ్బాలో పెట్టి దూరంగా ఉంచాలి. మేం తీసుకెళ్లిన ఆవకాయకు ఆ డబ్బాలో ప్రత్యేక స్థానం. బయల్దేరే ముందు మా అత్తమ్మ ఫోన్ చేసి, “అక్కడ ఎలుగుబంట్లుంటాయట కదా బాబూ, కర్రేమైనా పట్టుకెళ్తున్నారా?” అని అడిగారు. కర్ర కాదత్తమ్మా, కారం అని చెప్పా. నిజమే. బేర్ స్ప్రేలో ఉండేది మిరపకాయకు ఘాటునిచ్చే క్యాప్సైసినే. మన గుంటూరు మిర్చి చుట్టమన్నమాట.

చదువుకునేవాళ్లకూ చీకటి పడని రోజులుంటాయి. కాలేజీ అయిపోయాక టైంటేబుల్ ఇచ్చేవాళ్లుండరు. రాత్రి రెండింటి దాకా ప్రిపరేషన్, పొద్దున పదకొండుకు లేవడం. బయట నుంచి గంట కొట్టేవాళ్లు లేనప్పుడు గంట మీరే కొట్టుకోవాలి. ఎంతసేపు చదవాలన్నది ఎలా రాసుకుంటారో, ఎప్పుడు ఆపాలన్నదీ అలాగే రాసుకోవాలి.

ఇద్దరిలో ఒకరు చాలన్నా ఆగాలి

జంటగా వెళ్లడంలో గొప్పతనం ఫొటోల్లో ఉండదు. నిర్ణయాల్లో ఉంటుంది. మేం ఇంట్లో ఉండగానే ఓ కాగితం రాసుకున్నాం. మొదటి నియమం: ఇద్దరిలో ఎవరు ‘ఆపుదాం’ అన్నా రెండోవాళ్లు కారణం అడక్కుండా ఆపాలి. చర్చ బండి ఆగాక. రెండో నియమం రోజుల గురించి. 21 రోజుల్లో రానూపోనూ 10, డెంప్‌స్టర్‌కు 6, ఇంటికొచ్చాక విశ్రాంతికి 2. మిగిలిన 3 రోజులే మా మిగులు. ఆ మూడూ ఖర్చైతే, ఎక్కడున్నా వెనక్కి.

ఈగిల్ ప్లెయిన్స్ చేరిన రాత్రి వాన మొదలైంది. పీల్ నదికి నీళ్లు పెరిగి పంటు ఆగిపోయిందన్నారు. మొదటి రోజు టెంట్లో పేకాట. రెండో రోజు చైన్లకు నూనె. మూడో రోజు దోమలతో యుద్ధం. మూడో రోజు సాయంత్రం ఎవరో వచ్చి, “రేపో ఎల్లుండో పంటు తిరగొచ్చు” అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు వెలిగాయి. సముద్రం ఇంకో 500 కి.మీ. దూరంలో ఉంది. ‘ఇంకొక్క రోజు’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మా ఆవిడ ఏమీ అనలేదు. జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున 36 కి.మీ. ముందుకెళ్లి, 405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వలయం బోర్డు చూసి, వెనక్కి మళ్లాం. ఆర్కిటిక్ సముద్రం మేం చూడలేదు. అక్కడే ఆగిన ఇంకో ఇద్దరు రైడర్లు రెండు రోజుల తర్వాత నది దాటారని తెలిసింది. సంతోషం. వాళ్ల దగ్గర రోజులున్నాయి, మా దగ్గర లేవు. ఎవరి ట్యాంకును బట్టి వాళ్ల నిర్ణయం. ఈ మాట లింక్డ్‌ఇన్ చూసి దిగులుపడే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి.

మీ ట్యాంకులో ఎన్ని నెలలున్నాయి?

ఇప్పుడు మీ సంగతికొద్దాం. గ్రూప్స్ కావచ్చు, గేట్ కావచ్చు, బ్యాంకు పరీక్షలు కావచ్చు, ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు కావచ్చు. చాలామంది దగ్గర ప్లాన్ ఉంటుంది. ఆ ప్లాన్‌లో వెనక్కి తిరిగే చోటే ఉండదు. “ఇంకొక్క అటెంప్ట్” అన్న మాటతో ఏళ్లు గడుస్తాయి. ఆ మాటలో తప్పు లేదు. దాన్ని ఎప్పుడు అనాలో ఆ క్షణంలో నిర్ణయించుకోవడమే ప్రమాదం. ఫలితం వచ్చిన రోజున, రెండు మార్కుల్లో పోయిన రోజున ఎవరి బుర్రా సరిగా పనిచేయదు. ప్రశాంతంగా ఉన్న రోజునే రాసి పెట్టుకోవాలి.

లెక్క తేలికే. చేతిలో 72 వేలున్నాయి, హాస్టలుకూ తిండికీ నెలకు 12 వేలు అనుకుందాం. మీ ట్యాంకు ఆరు నెలలు. ఆరో నెల ఆఖర్లో వేరే దారి వెతుకుదామంటే కుదరదు. ఉద్యోగం వెతకడానికి కూడా రెండు మూడు నెలలు పడుతుంది, ఆ నెలల్లోనూ తినాలి. అంటే మీ 237వ కిలోమీటరు మూడో నెల ఆఖరు. ఆ రోజు మాక్ టెస్టు మార్కులు ఇంత దాటితే ముందుకు. లేదంటే రెజ్యూమె పంపడం ఆ రోజే మొదలు.

“మాలాంటివాళ్లకు మిగులు ఎక్కడుంటుంది? అది డబ్బున్నవాళ్ల మాట” అని మీరనొచ్చు. ఒప్పుకుంటాను, ఇందులో చాలా నిజముంది. కానీ తక్కువ ఉన్నవాడికే మిగులు ఎక్కువ అవసరం. వాడు పడితే పట్టుకునేవాళ్లుండరు. డబ్బు రూపంలో లేకపోతే ఇంకో రూపంలో పెట్టుకోండి. రోజుకు రెండు గంటల ట్యూషన్లు, ఒక చిన్న ఫ్రీలాన్స్ పని, ఒక అదనపు నైపుణ్యం, చదువుతో పాటు చేయగల పార్ట్‌టైం ఉద్యోగం. నాలుగు లీటర్ల క్యాను చిన్నదే. కానీ ఆరు కిలోమీటర్ల మిగులును నూటారు చేసింది అదే.

ఇంకో అభ్యంతరం కూడా వినిపిస్తుంది. ముందే వెనక్కి తిరిగే చోటు రాసుకుంటే పట్టుదల సడలిపోదా? నా అనుభవం తిరగబడి ఉంది. 237 అని ట్యాంకు మీద ఉంది కాబట్టే 236 దాకా ఏ భయమూ లేకుండా నడిపాం. మూడో నెల దాకా అనుమానాలు పక్కన పెట్టి చదవొచ్చన్న స్వేచ్ఛ ఆ తేదీయే ఇస్తుంది. పైగా తిరగడం అంటే వదిలేయడం కాదు. ఉద్యోగం చేస్తూ వచ్చే నోటిఫికేషన్‌కు మళ్లీ రాయొచ్చు. ఆ సముద్రం ఎక్కడికీ పోదు. మేమూ మళ్లీ వెళ్తాం, ఈసారి ఆరు రోజుల మిగులుతో.

ఆ కాగితాన్ని ఒక్కరే దాచుకోకండి. అమ్మకో, నాన్నకో, రూమ్మేట్‌కో చూపించండి. పెళ్లిలో చుట్టాలు “మీవాడు ఏం చేస్తున్నాడు?” అని అడిగినప్పుడు నాన్న దగ్గర ఒక తేదీ ఉంటుంది. ఆయన తలదించుకోనక్కర్లేదు. మీరు ‘ఇంకొక్కసారి’ అన్నప్పుడు జేబులోంచి ఆ కాగితం తీసే మనిషి మీకూ ఒకరుంటారు. అలాగే, మీరు వెళ్లే దారిలో ఇప్పటికే వెళ్లొచ్చిన సీనియర్‌ను ఒకరిని పట్టుకోండి. చార్లీ స్టీవర్ట్ లాంటి మనిషి కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ఉండకపోవచ్చు, మీ ఊరి గ్రంథాలయంలోనే ఉండొచ్చు.

ఇంటర్వ్యూలో ఇది ఎలా పనికొస్తుంది?

“రెండేళ్ల గ్యాప్ ఎందుకొచ్చింది?” అని అడుగుతారు. “ప్రిపేర్ అయ్యాను సార్, రాలేదు” అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. ఇలా చెప్పి చూడండి: “రెండు నోటిఫికేషన్లు రాయాలని, రాకపోతే ఫలానా నెలలో ఉద్యోగాలకు దిగాలని ముందే నిర్ణయించుకున్నాను. రెండూ రాశాను. ఆ నెలలోనే దిగాను. మధ్యలో ఈ స్కిల్ నేర్చుకున్నాను.” గ్యాప్ అదే. కానీ ఎదుటివాళ్లకు కనిపించేది మాటకు నిలబడే మనిషి. అయితే ఇది చెప్పాలంటే నిజంగా రాసుకుని ఉండాలి. తర్వాత అల్లిన కథ రెండో ప్రశ్నకే విడిపోతుంది.

హాబీల్లో ట్రావెలింగ్ అని రాస్తే అక్కడా అంకెలుండాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎంత బడ్జెట్, ఏం తేడా వచ్చింది, అప్పుడేం చేశారు. దానికి ఆర్కిటిక్ దాకా వెళ్లనక్కర్లేదు, అప్పు చేసి బండి కొననక్కర్లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రివేళ అటు వాహనాలను వదలరు. గేటు మూసేలోపు దాటాలంటే ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఆలస్యమైతే రాత్రి ఎక్కడ ఉండాలి? నలుగురు ఫ్రెండ్స్ కూర్చుని ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలు రాసుకుంటే అదే ప్రాజెక్ట్ ప్లానింగ్. అడవిలో అనుమతి లేకుండా టెంట్లు వేయడం మాత్రం వద్దు. లైసెన్సు, ఇన్సూరెన్సు, వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్టు.

ఈ పేజీ పక్కన పెట్టేలోపు ఒక కాగితం తీసుకోండి. మూడు లైన్లు చాలు. నా దగ్గర ఎన్ని నెలలున్నాయి? ఏ తేదీన ఆగి చూసుకుంటాను? ఆ రోజు ఏ అంకె కనిపిస్తే తిరుగుతాను? కింద మీ సంతకం, పక్కన మీరు నమ్మే ఇంకొకరి సంతకం. తర్వాత నిశ్చింతగా చదువుకోండి.